వరస కలిసిందా?

అమ్మకు బావ వరస అయ్యే పెద్దాయన పెళ్ళిలో ఎదురుపడ్డాడు. ఆయన్ని ఏమని పిలవాలి? అదే పందిట్లో నాన్నకు బావ అయ్యే ఇంకొకాయన కనబడ్డాడు. మరి ఆయన్ని? ఇద్దరూ బావలే కదా అని ఇద్దరినీ ‘మామయ్యా’ అనేస్తే పక్కనున్న పెద్దావిడ మోచేత్తో పొడుస్తుంది. నాన్నకు బావ మనకు మామయ్యే. అమ్మకు బావ మాత్రం పెదనాన్న.

ఎందుకలా అని ఆవిడనే అడిగి చూడండి. ‘అదంతే, అమ్మకు బావంటే పెదనాన్న వరసే కదా’ అంటుంది. కారణం చెప్పమంటే తడుముకుంటుంది గానీ వరస చెప్పమంటే తడుముకోదు. మూడు తరాల కింద విడిపోయిన రెండిళ్ళ పిల్లల్ని ఆమె ముందు నిలబెట్టి వీళ్ళు ఒకరికొకరు ఏమవుతారంటే, ‘వీడి తాతా దాని నాయనమ్మా అన్నాచెల్లెళ్ళు, కాబట్టి వీడి నాన్నకు దాని నాన్న బావ, అంటే...’ అని మొదలుపెట్టి ఊపిరి తిప్పుకునేలోగా తేల్చేస్తుంది. ఆ పిల్లలు చిన్నప్పుడు ఒకరినొకరు ఏమని పిలుచుకునేవాళ్ళో ఆమెకు గుర్తుండి కాదు. అప్పటికప్పుడు లెక్క కట్టి చెబుతోంది.

చుట్టరికాల పేర్లను మనం జాబితాలా చూస్తాం. పిల్లలకూ అలాగే నేర్పబోతాం: పిన్ని అంటే ఫలానా, బాబాయి అంటే ఫలానా. నాలుగు పేర్లు దాటేసరికి వాళ్ళు ఫోన్లోకి తల దించేస్తారు. వాళ్ళ తప్పేం లేదు. బంధువులు వందమంది ఉంటే జాబితాకు వంద వరసలు కావాలి. పెద్దావిడ బుర్రలో ఉన్నది జాబితా కాదు గనకే ఆమెకు అలుపు లేదు.

ఒకే ఒక్క గీత

ఆమెకు తెలియకుండానే ఆమె వాడే సూత్రం ఇది. అన్నదమ్ములంతా ఒక జట్టు. అక్కచెల్లెళ్ళంతా ఒక జట్టు. అన్నకూ చెల్లెలికీ మధ్య, అక్కకూ తమ్ముడికీ మధ్య మాత్రం ఒక గీత ఉంటుంది.

నాన్న అన్నదమ్ములు నాన్న జట్టు. అందుకే పెదనాన్న, చిన్నాన్న అన్న పేర్లలోనే నాన్న కూర్చున్నాడు. అమ్మ అక్కచెల్లెళ్ళు అమ్మ జట్టు కాబట్టి పెద్దమ్మ, చిన్నమ్మ. వాళ్ళ పిల్లలు మనకు అన్నలు, అక్కలు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు. గీత దాటితే పేర్లు పూర్తిగా మారిపోతాయి. నాన్న అక్కచెల్లెలు అత్త, అమ్మ అన్నదమ్ముడు మామ. వాళ్ళ పిల్లలు బావలు, వదినలు, మరదళ్ళు, బావమరుదులు. జీవిత భాగస్వాములకు విడిగా పేర్లు వెతుక్కోనక్కర్లేదు: పెద్దమ్మ భర్త పెదనాన్న, మేనమామ భార్య అత్త, మేనత్త భర్త మామ.

ఇక మొదట్లో వచ్చిన చిక్కుముడి. నాన్నకు అన్న పెదనాన్న, నాన్నకు బావ మామ. అమ్మకు అన్న మామ, అమ్మకు బావ పెదనాన్న. ఆడవాళ్ళ వైపు కూడా ఇదే ఒడుపు: నాన్నకు అక్క అత్త, నాన్నకు వదిన పెద్దమ్మ, అమ్మకు అక్క పెద్దమ్మ, అమ్మకు వదిన అత్త. ఈ ఎనిమిదీ ఒంటబట్టాయంటే ఎంత దూరపు చుట్టమైనా మెట్టు మెట్టుగా దగ్గరికొచ్చేస్తాడు. ఎక్కడైనా ఎదురుతిరుగుతుందేమో పరీక్షించి చూడండి. అమ్మకు బావ అంటే నాన్నకు స్వయానా అన్న కావచ్చు, అమ్మ అక్క మొగుడు కావచ్చు, అమ్మ మేనత్త కొడుకు కావచ్చు. ముగ్గురూ మనకు పెదనాన్నలే. ఏ దారిన వెళ్ళినా జవాబు ఒక్కటే రావడం ఈ లెక్కలోని అందం.

పిలిచేది ఆడా మగా అన్నదాన్నిబట్టి కూడా గీత చోటు మారుతుంది. అక్క కొడుకు తమ్ముడికి మేనల్లుడు, అదే అక్క కొడుకు చెల్లెలికి కొడుకు. ఒకే ఇంట్లో పుట్టినవాళ్ళు, ఒకే పిల్లాడు, వరసలు రెండు. మేనల్లుడిలో అల్లుడు, మేనకోడల్లో కోడలు ముందే ఉన్నారన్నది గమనించారా? దీని సంగతి కాసేపట్లో.

ఈ గీతను చూసి తబ్బిబ్బయిన పరదేశి ఒకాయన ఉన్నాడు. లూయిస్ హెన్రీ మోర్గన్ అమెరికాలోని రాచెస్టర్‌లో వకీలు. అక్కడి ఇరక్వా తెగల మధ్య తిరుగుతూ, వాళ్ళు నాన్న తమ్ముణ్ణి కూడా నాన్నే అనడం, అమ్మ తమ్ముడికి మాత్రం వేరే పేరు వాడటం చూసి ఆశ్చర్యపోయాడు. మత ప్రచారకులకూ రాయబారులకూ ప్రశ్నాపత్రాలు పంపించి ప్రపంచం నలుమూలల నుంచి బంధుత్వ పదాలు తెప్పించుకున్నాడు. తమిళం, తెలుగు జాబితాలు చేతికందాక చూస్తే అచ్చం అదే గీత! 1871లో స్మిత్సోనియన్ సంస్థ అచ్చువేసిన ఆయన లావుపాటి పుస్తకంలో మన పిన్నులూ మేనత్తలూ పట్టికలు కట్టి కూర్చున్నారు. ఇరక్వాలు ఆసియా నుంచి వలస వెళ్ళారనడానికి ఇదే రుజువని ఆయన తీర్మానించేశాడు. అక్కడ తొందరపడ్డాడు. పైకి ఒకేలా కనిపించే ఆ రెండు పద్ధతులూ దూరపు చుట్టాల దగ్గరికి వచ్చేసరికి వేరు దారులు పడతాయని తర్వాతివాళ్ళు తేల్చారు. మన ‘అమ్మకు బావ పెదనాన్న’ అక్కడ పనిచేయదు.

వియ్యంకుల గుట్టు

పూర్తిగా కొత్త సంబంధం అనుకుందాం. అబ్బాయిది నెల్లూరు, అమ్మాయిది నిజామాబాద్. ఏడు తరాలు తవ్వినా చుట్టరికం లేదు. పెళ్ళి చూపుల్లో మర్యాదకు ‘అండీ’లతో సరిపెట్టుకున్న పెద్దవాళ్ళు, తాంబూలాలు మార్చుకున్న సాయంత్రానికి ఎలా పిలుచుకుంటారు? మగవాళ్ళిద్దరూ ‘బావగారూ’ అనుకుంటారు. ఆడవాళ్ళిద్దరూ ‘వదినగారూ’ అనుకుంటారు. అమ్మాయి తల్లి అబ్బాయి తండ్రిని ‘అన్నయ్యగారూ’ అంటుంది. అమ్మాయి తండ్రి అబ్బాయి తల్లిని ‘చెల్లెమ్మా’ అంటాడు.

ఎప్పుడైనా ఆలోచించారా, అన్నయ్య ఎక్కణ్ణుంచి వచ్చాడని? బావామరదళ్ళు కావాలంటే ఒకరి తండ్రీ ఇంకొకరి తల్లీ అన్నాచెల్లెళ్ళు అయి ఉండాలి. పిల్లలకు పెళ్ళి కుదిరింది కాబట్టి వాళ్ళు బావామరదళ్ళే అయి తీరాలి. కాబట్టి నిన్నటిదాకా ముక్కూమొహం తెలియని ఇద్దరు పెద్దవాళ్ళు ఈ రోజు నుంచి అన్నాచెల్లెళ్ళు. లెక్క వెనక నుంచి కట్టుకొచ్చాం. ప్రతి పెళ్ళినీ మేనరికంగా మార్చేసుకోవడం ఈ వరసల అసలు పని అని నాకు అనిపిస్తుంది. మేనరికం చేసుకోని ఇళ్ళు కూడా పిలుపుల్లో మేనరికమే చేసుకుంటాయి. పెళ్ళయ్యాక అబ్బాయి తల్లి కోడలికి ‘అత్త’ అవుతుంది. మేనత్తకు వాడే మాటా అదే. అమ్మాయి తండ్రి ‘మామ’. మేనమామకూ అదే మాట.

మదురై ప్రాంతంలో పల్లెల్లో ఉండి పరిశోధన చేసిన ఫ్రెంచి పండితుడు లూయీ డ్యూమో 1953లో రాసిన చిన్న వ్యాసంలో ఈ గుట్టే విప్పాడు. మేనమామ అంటే అమ్మకు అన్నదమ్ముడని, రక్తసంబంధమని మనం అనుకుంటాం. అలా కాదు, ఆయన ముందు నాన్నకు బావమరిది, పెళ్ళి ద్వారా వచ్చిన చుట్టం, ఆ పెళ్ళి చుట్టరికమే కొడుక్కి వారసత్వంగా దిగుతోంది అని చూడమన్నాడు. తమిళుల గురించి చెప్పినా తెలుగువాళ్ళకు అతుకుతుంది, కన్నడిగులకూ అతుకుతుంది. చిత్రమేమిటంటే ఉత్తరాది భాషల కుటుంబానికి చెందిన సింహళంలో కూడా వరసలు మన దారిలోనే నడుస్తాయి. భాష ఉత్తరం నుంచి వెళ్ళినా, లంకలో బంధుత్వం మాత్రం దక్షిణాదే.

తోడల్లుళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అక్కచెల్లెళ్ళను పెళ్ళాడిన ఇద్దరు మగవాళ్ళకు రక్తం కలవదు, ఇంటిపేరు కలవదు. అయినా పెద్దవాణ్ణి రెండోవాడు ‘అన్నయ్యా’ అనే అంటాడు. భార్యలు ఒక జట్టయితే భర్తలూ ఒక జట్టే మరి. తోడికోడళ్ళు అక్కాచెల్లెళ్ళలా పిలుచుకోవడమూ ఇందుకే. పిలుచుకోవడం వరకే సుమా, వంటింటి హామీ వరస ఇవ్వదు. 1957లో ‘తోడికోడళ్ళు’ సినిమా ఆడింది ఊరికే కాదు.

అదే 1957లో వచ్చిన ‘మాయాబజార్’ కథంతా ఈ గీత మీదే నిలబడి ఉంది. బలరాముడి చెల్లెలు సుభద్ర. ఆమె కొడుకు అభిమన్యుడు, బలరాముడి కూతురు శశిరేఖ. చిన్నప్పుడే అనుకున్న మేనరికం. పాండవులకు ఆస్తి పోగానే బలరాముడి భార్య రేవతీదేవి మాట మార్చింది, అక్కడి నుంచి ఘటోత్కచుడికి పని పడింది. శశిరేఖ కథ వ్యాసుడి భారతంలో లేదు, దక్షిణాదిలో పెరిగిన కథ అది. మేనరికం ఉన్న నేల మీదే అలాంటి కథ మొలుస్తుంది. అభిమన్యుడి తండ్రిది కూడా మేనరికమే. కుంతి వసుదేవుడి తోబుట్టువు కాబట్టి సుభద్ర అర్జునుడికి మేనమామ కూతురు.

మన పద్యనాటకాల్లో కృష్ణుడు అర్జునుడికే కాదు, దుర్యోధనుడికీ బావే. ఎలాగంటారా? కుంతి దుర్యోధనుడికి పినతల్లి. పినతల్లి అన్నదమ్ముల పిల్లలు బావలు. ఇంకో దారిలో చూసినా కృష్ణుడి కొడుకు సాంబుడు దుర్యోధనుడి కూతురు లక్షణను పెళ్ళాడాడు, కాబట్టి వియ్యంకులు. వియ్యంకులన్నా బావలే. రాయబారం సీనులో ఆ పిలుపు చుట్టూ నడిచే ఎత్తిపొడుపులన్నీ తెలుగు ప్రేక్షకుడికి వివరణ లేకుండా అందుతాయి.

చట్టానికి కనబడని గీత

1955 నాటి హిందూ వివాహ చట్టం తీసి నిషిద్ధ సంబంధాల జాబితా చూస్తే మన పెద్దావిడ నోరెళ్ళబెడుతుంది. అన్నాచెల్లెళ్ళ పిల్లలు, అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ళ పిల్లలు, అందరూ ఒకే వాక్యంలో నిషిద్ధం. మేనమామ, మేనకోడలూ నిషిద్ధమే. ఆ వెంటనే ఒక కిటికీ తెరిచారు: పెళ్ళాడే ఇద్దరికీ వర్తించే ఆచారం ఒప్పుకుంటే ఫరవాలేదు అని. అంటే దక్షిణాదిలో లక్షలాది పెళ్ళిళ్ళు చట్టం దృష్టిలో మినహాయింపు కింద నడిచినవే. బౌధాయన ధర్మసూత్రం కూడా మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని చేసుకోవడాన్ని దక్షిణాదివాళ్ళ ప్రత్యేకాచారాల్లో లెక్కవేసింది. రెండు వేల ఏళ్ళకు పైబడ్డ ఆ గ్రంథం నుంచి పార్లమెంటు దాకా మనది ‘వాళ్ళ ఆచారం’గానే ఉంది.

1956 నాటి వారసత్వ చట్టంలోనూ ఇదే తీరు. రెండో తరగతి వారసుల పట్టికలో తండ్రి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఒక వరుసలో ఉంటారు, తల్లి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ వాళ్ళ కింద ఇంకో వరుసలో ఉంటారు. తండ్రి వైపు, తల్లి వైపు, అంతే. మన వరస మాత్రం చిన్నాన్ననూ పిన్నినీ ఒక పక్కకు, మేనత్తనూ మేనమామనూ ఇంకో పక్కకు చేరుస్తుంది. చట్టం నిలువుగా కోసిన చోట మనం అడ్డంగా కోస్తాం.

గోత్రం చూసుకుంటే చాలదా అని అడిగేవాళ్ళున్నారు. చాలదు. అక్కచెల్లెళ్ళు వేర్వేరు గోత్రాల ఇళ్ళకు వెళితే వాళ్ళ పిల్లల గోత్రాలూ ఇంటిపేర్లూ కలవవు. గోత్రం లెక్కన ఆ పెళ్ళికి అడ్డు లేదు. అడ్డుపడేది వరస ఒక్కటే. ఇంకా విడ్డూరం: పిన్ని మొగుడి అన్న కూతురితో మనకు చుక్క రక్తం కూడా కలవదు, అయినా చెల్లెలు. మేనత్త కూతురితో రక్తం కలుస్తుంది, అయినా మరదలు. వరస రక్తాన్ని కొలిచే కొలబద్ద కాదని ఈ రెండు ఉదాహరణలూ పట్టి ఇస్తాయి.

శరీరం మాత్రం వరస ఎరగదు. పెదనాన్న కూతురైనా మేనమామ కూతురైనా మనతో పంచుకునే జన్యువులు సగటున ఎనిమిదో వంతు. మేనమామ, మేనకోడళ్ళ మధ్య అది నాలుగో వంతు. ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డలో బయటపడే అవకాశం అందుకే పెరుగుతుంది. డాక్టర్లు మేనరికం వద్దనేది ఈ లెక్కతోనే, అందులో వాదించడానికి ఏమీ లేదు. మేనరికాలు తగ్గుతున్నాయి, తగ్గాలి కూడా. పిలుపులు తగ్గనక్కర్లేదు, ఎలాగూ అవి కొత్త సంబంధాలనే మేనరికంలా చూపించగలవు కాబట్టి.

బతుకు కోరేవాడు, వాటా కోరేవాడు

బావమరిది బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అంటారు. సామెతలోని కటువుతనం పక్కన పెడితే లెక్క సూటిగానే ఉంది. దాయాది అంటే గీతకు ఇవతలివాడు, అన్న వరస, తమ్ముడి వరస, తాత ఆస్తిలో వాటాదారు. పల్లెల్లో ‘పాలివాళ్ళు’ అనే మాటలో ఆ పాలు ఇంకా వినిపిస్తుంది. గట్టు తగాదా వాళ్ళతోనే, పది రోజుల మైలా వాళ్ళతోనే. బావమరిదికి మన పొలంలో సెంటు రాదు. పైగా అతని తోబుట్టువు పసుపుకుంకాలు మన ఆయుష్షు మీద ఆధారపడ్డాయి. బతుకు కోరక ఏం చేస్తాడు? భారత్, పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్‌ను మన పత్రికలు ‘దాయాదుల పోరు’ అని రాస్తాయి. ఆస్తి పంపకాలైన అన్నదమ్ముల పగకు అంతకన్నా పొట్టి శీర్షిక దొరకదు.

సరసమూ సంకోచమూ కూడా గీతను బట్టే. బావా మరదళ్ళ మధ్య ఎకసెక్కాలు చెల్లుతాయి, వదినా మరుదుల మధ్యా చెల్లుతాయి. అన్నాచెల్లెళ్ళ వరసైతే ఆ మాటలు నోట రాకూడదు. భర్త అన్నగారి ముందు మరదలు తలెత్తి మాట్లాడని ఇళ్ళు నిన్నమొన్నటిదాకా ఉన్నాయి. అల్లుడు అత్తగారి ఎదుట మంచం మీద కూర్చోవడానికి మొహమాటపడటమూ అలాంటిదే. పెళ్ళి తంతులో పనులు పంచేదీ వరసే. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేది మేనమామలు. కాశీయాత్రకు బయల్దేరిన పెళ్ళికొడుకును బతిమాలి వెనక్కి తెచ్చేది బావమరిది. కొత్త జంటను గడపలో నిలేసి పేర్లు చెప్పించి, కట్నం పుచ్చుకుని దారి వదిలేది ఆడపడుచు. కొన్ని ఇళ్ళలో ఆమె అంతటితో ఆగదు, ‘నీకు పుట్టబోయే కూతుర్ని నా కొడుక్కిస్తావా’ అని తమ్ముడి దగ్గర మాట కూడా తీసుకుంటుంది. అందరూ నవ్వుతారు. ఆ నవ్వు వెనక ఒకప్పుడు నిజమైన బేరం ఉండేది.

ఆడపడుచు అన్న మాటకు రాజకీయ వైభవం తెచ్చింది ఎన్.టి. రామారావు. తను ‘అన్న’గా, రాష్ట్రంలోని మహిళలందరూ ‘ఆడపడుచులు’గా ఉపన్యాసాలు సాగేవి. ఆ వరసకు ఆయన ప్రభుత్వం ఖరీదు కూడా కట్టింది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమానంగా హక్కునిచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అమల్లోకి వచ్చింది, ఆ తేదీకి ముందే పెళ్ళయినవాళ్ళకు తప్ప. దేశమంతటికీ అది 2005లో గానీ రాలేదు. ఒకనాడు చెల్లెలి కూతుర్నో అక్క కూతుర్నో కోడలిగా తెచ్చుకోవడంలో భూమి చేజారకుండా చూసుకునే ఆలోచన కూడా ఉండేది. చెల్లెలే వాటాదారయ్యాక దాయాదికీ ఆడపడుచుకూ మధ్య గీత కొంచెం చెరిగింది. రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద ఆ సంగతి తెలుస్తుంది.

అవ్వ ఎవరు, అప్ప ఎవరు

సూత్రం ఒకటే అయినా మాటలు నేల మారితే మారతాయి. తెలంగాణ పల్లెల్లో అవ్వ అంటే కన్నతల్లి, రాయలసీమలో అవ్వ అంటే ముసలమ్మ. ఉత్తరాంధ్రలో అప్ప అంటే అక్క, కన్నడ గాలి తగిలే అనంతపురం అంచుల్లో అప్ప అంటే నాన్న. నాన్న కొందరికి నాయన, కొందరికి బాపు, కొందరికి అయ్య. నాన్నమ్మను ఒకచోట బాపమ్మ, ఇంకోచోట మామ్మ, సీమలో జేజి అంటారు. బాబాయి ఇళ్ళున్నాయి, చిన్నాయన ఇళ్ళున్నాయి, కాక ఇళ్ళున్నాయి. పెద్దమ్మను దొడ్డమ్మ అనేవాళ్ళున్నారు. తోడికోడలు యారాలయ్యే చోట తోడల్లుడు సడ్డకుడవుతాడు.

ఇన్ని మాటలు మారినా అమ్మను అవ్వ అన్నచోటా అమ్మమ్మను అవ్వ అన్నచోటా అమ్మకు వదిన అత్తే.

లెక్క నిజంగా తడబడేది ఇంకోచోట. అక్క కూతుర్ని పెళ్ళాడిన ఇంట్లో పుట్టిన పాపను తీసుకోండి. ఆమెకు అమ్మమ్మే మేనత్త కూడా, నాన్నకు స్వయానా అక్క కదా. అమ్మ తమ్ముడు మేనమామ అవుతాడు, మేనత్త కొడుకు కాబట్టి బావా అవుతాడు. ఇలాంటి ఇళ్ళలో ఏ వరస పట్టాలన్నది సూత్రం చెప్పదు. దగ్గరిదేదో, అలవాటైనదేదో అది స్థిరపడుతుంది. ఒక్కోసారి అదే మనిషిని అక్క ఒకలా తమ్ముడు ఇంకోలా పిలుస్తారు. అలాంటి వాళ్ళింట్లో శుభలేఖ మీద పేర్ల కింద వరసలు వేయడానికి కూర్చున్నవాడి అవస్థ వర్ణించలేం.

అంకుల్ ఎందుకు వచ్చాడు

అంకుల్, ఆంటీలు వచ్చి మన పిలుపులను మింగేశాయని ఏటా నాలుగు వ్యాసాలైనా వస్తాయి. నాకా బాధ పెద్దగా లేదు. ఊళ్ళో కులాలు దాటి మరీ అందరికీ వరసలుండేవి, అవి తరాలుగా కుదిరినవి: ఫలానా ఇంటివాళ్ళంటే మనకు మామలు, ఫలానావాళ్ళు బాబాయిలు. కొత్తగా దిగిన అపార్టుమెంటులో ఎదురింటాయన్ని ‘మామయ్యా’ అన్నారంటే ఆయన కూతురు మరదలైపోతుంది. ‘బాబాయ్’ అంటే చెల్లెలైపోతుంది. రెండింటికీ ఇంకా తొందరే. అంకుల్ అన్న పిలుపు ఎక్కడికీ దారి తీయదు, అందుకే అక్కడ పనికొచ్చింది. బయటివాళ్ళను అంకుల్ అంటే నష్టం లేదు. ఇంట్లో మేనమామ కూడా అంకుల్ అయినప్పుడే లెక్క తెగిపోతుంది, ఎందుకంటే అంకుల్ కూతురు ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు.

అసలు గండం వేరే దిక్కు నుంచి వస్తోంది. 1992–93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 2.6 మంది పిల్లలు. 2019–21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఏకైక కొడుకు ఏకైక కూతుర్ని పెళ్ళాడితే, వాళ్ళకు పుట్టిన బిడ్డకు సొంత పెదనాన్న లేడు, బాబాయి లేడు, మేనత్త లేదు, పిన్ని లేదు, మేనమామ లేడు. పిలుపులు వచ్చినా పిలిపించుకునే మనిషి ఇంట్లో లేడు.

ఇక్కడే పెద్దావిడ లెక్క మళ్ళీ పనికొస్తుంది. మన వరసలకు ‘కజిన్’ అనే గోడ లేదు. అమ్మ పెదనాన్న కొడుకు ఆమెకు అన్నే, కాబట్టి మనకు మేనమామే. వేలు విడిచిన మేనమామ అంటారు, వేలు విడిచినా మేనమామతనం విడవలేదు. ఆయన లేకపోతే అమ్మ పెద్దమ్మ కొడుకు. ఆయనా లేకపోతే ఇంకో మెట్టు పైకెక్కండి. అమ్మ వాళ్ళ నాన్నకు మరదలెవరైనా ఉందేమో అడగండి. ఆమె అమ్మకు పిన్ని వరస, ఆమె కొడుకు అమ్మకు తమ్ముడు, మనకు మామయ్య. డల్లాస్‌లో ఉన్నా సరే, పాప చెవులు కుట్టించే ముహూర్తానికి టికెట్టు తీసుకోమని ఫోన్ చేయొచ్చు. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకునే హక్కు ఆయనదే, కమ్మల ఖర్చూ ఆయనదే.